పోయిన వస్తువుల బల్ల

డిసెంబరు రెండో శనివారం. ఇక్కడిది ఎండాకాలం.
టాస్మేనియా ఉత్తరపు ఒడ్డున, మా చిన్న బడికి
బకెట్లు పట్టుకుని తల్లిదండ్రులు వస్తారు.
ఫీజు కట్టినవాళ్లూ వస్తారు, కట్టనివాళ్లూ వస్తారు.
ఈ ఒక్కరోజూ ఆ తేడా
నా రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా కనబడదు.

హెర్టా నేలమీద వెల్లకిలా పడుకుని
డెస్కుల అడుగున బబుల్‌గమ్ గోకుతోంది,
పిల్లలు ఏడాదంతా దాచిన పాపం ఇక్కడే ఉందంటూ.
రెండో తరగతి గోడ మీంచి నోవహు ఓడ దిగింది.
జిరాఫీ మెడ మాత్రం రానని మొండికేసి
చివరికి గోడ సున్నంతో సహా ఊడొచ్చింది.

నేను ఆఫీసు మనిషిని. పంతొమ్మిదేళ్లుగా
మోకాలి దెబ్బకి ప్లాస్టరూ, ఆలస్యానికి చీటీ,
ఊడిన పంటికి బుల్లి కవరూ నా దగ్గరే.
ఏడాది చివర నా వంతు, పోయిన వస్తువుల బల్ల.

పదకొండు టోపీలు.
అన్నీ ఎడమకాలివే అనిపించే సాక్సులు.
ఒక కీర్తనల పుస్తకం, అందులో నొక్కిన గసగసాల పువ్వు రేకు.
ఆ పొలాలకి కంచె ఉంది, కంచెకి హెచ్చరిక బోర్డుంది.
ఎవరు దూకారో నేనడగను.
మార్చి నుంచీ ఎవరూ తెరవని లంచ్ బాక్సు ఒకటి.
నేనూ తెరవలేదు. విశ్వాసానికీ ఒక హద్దుంటుంది.

అడుగున ఎర్ర స్వెట్టరు.
కాలరు లోపల పేరు: అచోల్ మజోక్.
వాళ్లమ్మ నల్లదారంతో గట్టిగా కుట్టింది,
దేశాలు దాటొచ్చినవాళ్లు కుట్టే కుట్టు.
దాని కింద ఇంకో చీటీ అంచు తగిలింది.
సూదిమొనతో విప్పాను. టామ్సిన్ బ్రామిచ్,
ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు, పోయినేడు నాకు టెటనస్ సూది పొడిచింది.
దాని కిందా ఇంకొకటి, ఉతుకులకి వెలిసిపోయి,
చేత్తో కుట్టిన అక్షరాలతో:
వీబె హూక్‌స్ట్రా.

వీబె ఆ వేళ నిచ్చెన మీదున్నాడు,
చూరు గొట్టాల్లోంచి యూకలిప్టస్ ఆకులు
దోసిళ్లతో తీసి కింద పోస్తూ.
ఎనిమిదేళ్ల కిందట కొత్త హాలు గొడవలో
పెద్దలతో మాటా మాటా అనుకుని, తలుపు ధడాల్న వేసి వెళ్లిన మనిషి.
ఆదివారం చర్చికి రాడు. పిల్లల్ని సర్కారు బడిలో చేర్చాడు.
డిసెంబరు శనివారానికి మాత్రం
సొంత నిచ్చెనతో అందరికంటే ముందుంటాడు.
ఎవరూ ఎందుకని అడగరు. అడిగితే రాడేమోనని భయం.

స్వెట్టరు తీసుకెళ్లి నిచ్చెన కింద నిలబడ్డాను.
దిగాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని
కాలరులో వేలు పెట్టి చూశాడు.
"మెడ దగ్గర దురద పెట్టేది," అన్నాడు.
"అమ్మ చవక ఊలు కొనేది."
కాసేపు ఆకులకేసి చూశాడు.
"ఆ పాపకీ దురదగా ఉందేమో కనుక్కో,"
అని మళ్లీ ఎక్కేశాడు.

మధ్యాహ్నం సాసేజిలకి బ్రెడ్ చాల్లేదు.
అచోల్ వాళ్లమ్మ కిస్రా రొట్టెలు విప్పింది.
హెర్టా నాలుగు తిని, ఐదోది పర్సులో దాచుకుంది.

బుధవారం ఆఖరి అసెంబ్లీ.
ఆరో తరగతి వెళ్లిపోయే పిల్లలు తొమ్మిదిమంది,
పాస్టరు ప్రార్థన తొమ్మిదిమందికీ పేరుపేరునా సాగింది.
అచోల్ అంత ఎండలోనూ స్వెట్టరేసుకుని
మెడ గోక్కుంటూనే వాక్యం అప్పజెప్పింది.
వెనక తలుపు దగ్గర వీబె.
మరిచిపోయిన నిచ్చెన కోసం వచ్చాడట.
ఎనిమిదేళ్లలో ఒక్కసారీ నిచ్చెన మరవనివాడు.
లోపలికి అడుగు పెట్టలేదు.
ఆమెన్ అనేదాకా ఆ నిచ్చెన
అతని భుజం మీదికి లేవనూ లేదు.

మూడు చీటీలూ ఉన్నవున్నట్టే తిరిగి కుట్టి ఇచ్చాను,
నాలుగోదానికి చోటు వదిలి.
బల్ల ఖాళీ అయింది.
లంచ్ బాక్సు ఒక్కటీ ఇంకా అక్కడే ఉంది.