నలభైలో ఏడు పోతే

శనివారం చీకటితోనే
అమ్మ మొక్కజొన్న పిండి మూట నా నెత్తికెత్తుతుంది.
కొండెక్కడానికి నాలుగు గంటలు.
పైన, గాలి తప్ప చుట్టాలెవరూ రాని చోట
మా అన్న ఉంటాడు
ఎవరివో నలభై గొర్రెలతో,
తనదే అయిన ఒక కుక్కతో.
దాని పేరు మోకోపు. గుమ్మడికాయ అని.

లెసోతోలో, మా మొఖొట్లోంగ్ కొండల్లో
మగపిల్లాడికి ఆరేళ్ళు రాగానే చేతికి కర్ర వస్తుంది.
ఆడపిల్లని గనక నాకు పలక వచ్చింది.
మమోలిబెలి టీచరమ్మ మొదట నమ్మలేదు.
ఆమెది పల్లపు ఊరు.

అన్న పేరు రెత్సెలిసిత్సోయె,
"మాకు ఓదార్పు దొరికింది" అని.
తనకు ముందు పుట్టినవాడు పోయాడు.
తను పుట్టిన ఏడాదే నాన్న
జొహానెస్‌బర్గ్ గనుల్లోంచి
దగ్గు ఒక్కటే వెంటబెట్టుకుని వచ్చాడు.
ఓదార్చే పని
ఉయ్యాల వయసులోనే మెడకి పడింది.

బడి ఉచితమే.
గోడ మీద రాసుంటే నేనే చదివి చెప్పాను.
"మరి గొర్రెల్ని ఎవరు కాస్తారు?" అన్నాడు.
అది గోడ మీద లేదు.

అయినా ఒకసారి వచ్చాడు, పన్నెండేళ్ళప్పుడు.
ఒకటో తరగతి బెంచీలో మోకాళ్ళు పట్టలేదు.
రబ్బరు బూట్ల వాసనకి
పాలపళ్ళ పిల్లలు ముక్కులు మూసుకున్నారు.
గంట కొట్టకముందే లేచాడు.
మోకోపు గేటు దగ్గరే ఉంది.

ఏడాదికి పన్నెండు గొర్రెలు జీతం.
వాటిలో రెండు నా యూనిఫాం,
ఒకటి నా బూట్లు,
ఇంకొకటి నాన్న మందుసీసాలు.
బడికి నడుస్తుంటే ఒక్కోసారి
కాలి కింద ఏదో మే అన్నట్టుంటుంది.

పోయిన వేసవిలో బొగ్గుముక్కతో
బండ మీద తన పేరు రాశాను.
బండ చాలక చివరి రెండక్షరాలు
పక్క రాయి మీదికి పోయాయి.
"ఇంత పొడుగా నేను?
ఇదంతా పిలిచేలోగా నక్క భోంచేసి పోదూ!"
పగలబడి నవ్వాడు.
మళ్ళీ వారం వెళ్ళేసరికి వాన కడిగేసింది.
పక్క రాయి మీది రెండక్షరాలే ఉన్నాయి,
గోనెపట్టా కప్పుకుని.
పట్టా చిన్నది.

ఈసారి లెక్కల పుస్తకం పట్టుకెళ్ళాను.
ఒక కాపరి దగ్గర నలభై గొర్రెలున్నాయి.
ఏడు తప్పిపోయాయి. ఎన్ని మిగిలాయి?
ముప్పై మూడు అని రాస్తే
నాకు ఎర్రసిరా టిక్కు పడింది.

అన్న పొయ్యిలో పిడక సర్దుతూ చాలాసేపు ఊరుకున్నాడు.
"ఏ వేళప్పుడు?" అన్నాడు.
పుస్తకంలో లేదు.
"మంచు పడుతోందా?"
లేదు, అంటే, పుస్తకంలో లేదు.
"కుక్క ఎటు మొరుగుతోంది?"
పేజీ తిప్పాను.
అవతల నారింజపళ్ళ లెక్క.

"ఏడు పోతే," అన్నాడు చివరికి,
"మిగిలినవాటిని కుక్కకి అప్పజెప్పి కాపరి వెళ్ళాలి.
వెళ్ళినవాడు తెల్లారేసరికి రాకపోవచ్చు.
వాణ్ణి ఎందులో కలిపారు,
ఏడులోనా, ముప్పై మూడులోనా?"

నాకు తెలీదన్నాను.
పుస్తకం ఇంకాసేపు చూస్తానన్నాడు,
బొమ్మలైనా.
తలకిందులుగా పట్టుకున్నాడు. నేను సరిచెయ్యలేదు.
వదిలేసి దిగొచ్చేశాను.

సోమవారం మమోలిబెలి టీచరమ్మ
పుస్తకం ఏదని అడిగింది.
తప్పిపోయిందన్నాను.
"మరి వెతకలేదా?" అంది, కోపంగా.

కిటికీలోంచి
కొండ వైపు చూపించాను.