తారీఖు నిలవని డబ్బా

కాటా మీద పదకొండు కిలోలు తూగింది.
ఇనుముకు ఒక రేటు, బోర్డుకు ఒక రేటు,
పిన్నులకంటిన ఆవగింజంత బంగారానికి ఇంకో రేటు.
చార్‌బౌలిల మొహసిన్‌కు కంప్యూటరంటే గీ మూడు ముక్కలే.
"సుత్తె పట్టక ముందే రా" అని ఫోన్ చేసిండు.
పైసలొద్దు, పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్నదా అన్నడు.
ఉన్నది. ఇచ్చిన.
స్కూటీ మీద కాళ్ల నడుమ పెట్టుకొని
అండర్‌బ్రిడ్జి నీళ్లల్లకెల్లి శివనగర్ తెచ్చుకున్న.

మూత విప్పంగనే తుమ్ములు.
ఒకటి కాదు, పదిహేను.
ఎనుమాముల యార్డుల ఏ అడ్తి దుకాణంల బతికిందో
ఫ్యాను రెక్కలకు, చిప్పుల కాళ్ల సందులకు
ఎర్రటి దుమ్ము.
చపాట కాదు, చపాటకు గింత ఘాటెక్కడిది?
పక్క షట్టర్ల జాకెట్లు కుట్టే సువర్ణ
"ఏం పోపు పెడుతున్నవే అన్నా" అని కేకేసింది.
ముప్పై ఏండ్ల కింద ఎవరో ఆరబోసిన చేను
నా ముక్కుల ఇయ్యాల దిగింది.

బోర్డు మీది బ్యాటరీ పగిలి
పచ్చగ చిలుము కారింది.
నిమ్మచెక్క, పాత పండ్ల బ్రష్షు,
తెగిన దారి మీద వెంట్రుకంత రాగితీగ.
డిస్కు మాత్రం పట్టేసి కూసున్నది.
ఇస్త్రీపెట్టె పక్కన కాసేపు కాచి
జొన్నరొట్టె తిప్పినట్టు
మణికట్టుతోని ఒక్క విదుపు.
కుయ్యిమన్నది. తిరిగింది.

తెర మీద తంగేడుపూల రంగుల అక్షరాలు.
అడ్తి చిట్టా.
బస్తాలు, తరుగు, హమాలీ, కమీషన్,
పేర్లన్ని ఇంగ్లీషుల, పది అక్షరాలు దాటితే కత్తిరింపు.
నెక్కొండ అవతలి తండా నుంచి
బానోతు దస్రో, దల్లో, దేవుడెరుగు,
డబ్బాల మిగిలింది బానోతు ద.
తొంభై నాలుగు జనవరి ఒకటి,
పురుగు మందులకు నాలుగు వేల రెండు వందలు.
నూటికి నెలకు రెండు రూపాయలు.

నేను చేసిన తప్పొక్కటే.
కొత్త బ్యాటరీ అతికి
ఇయ్యాల్టి తారీఖు కొట్టిన.
ఆ డబ్బాకు నిద్రపోయిన సంగతి తెలువదు,
అడ్తి మూతపడ్డ సంగతి తెలువదు.
ముప్పై ఒక్క ఏండ్లు ఒక్క గుక్కల లెక్కగట్టి
ముప్పై ఐదు వేల నాలుగు వందల నలభై ఎనిమిది
బాకీ, అన్నది.
ఇంక నాలుగు వందల పేర్లు, ఒకటెనుక ఒకటి,
ఎవరున్నరో, ఎవరు లేరో,
అందరి వడ్డీ పెరుగుకుంట పోతుంటే
తెర ఆపుదామని చెయ్యి పోయింది గని
ఎస్కేప్ మీట అరిగిపోయి పనిచేస్తలేదు.
వసూలుకొచ్చింది నేనే అన్నట్టు
షట్టర్ సగం కిందికి గుంజిన.

రాత్రి అతుకు ఊడింది.
పొద్దున ఆన్ చేస్తే గడియారం ఎనభైల మొదటి దినానికి పోయింది.
సిలిండర్లు, హెడ్లు మళ్ల చేత్తోని కొట్టి
చిట్టా తెరిస్తే
బానోతు ద పేరు ముందర చిన్న గీత.
మైనస్ తొమ్మిది వేల తొమ్మిది వందల పన్నెండు.
అప్పు పుట్టక ముందటి పద్నాలుగేండ్లకు
అడ్తే ఆయనకు బాకీ పడ్డది.
కిందికి జరుపుకుంట పోయిన.
గీత, గీత, గీత.
ఏ కోర్టుల చెల్లదు, నాకెరుకే.
అయినా చాయ్ చల్లారేదాక చూసుకుంట కూసున్న.

కరీంనగర్ విమలాకర్ అడుగుతున్నడు,
ఐదుంబావు ఇంచుల డ్రైవు ఇస్త, ఇది నాకియ్యి అని.
ఆ డ్రైవు కోసం రెండేండ్ల సంది తిరుగుతున్న.
ఇస్తనన్న. డిస్కుతోని సహా, తుడవకుండ.
"అన్నీ పనిచేస్తయా?"
అన్నీ పనిచేస్తయి, తారీఖొక్కటే నిలవదన్న.
"దానికేముంది, బ్యాటరీ అతుకుత."
నేనేం మాట్లాడలే.
అట్టపెట్టెల పాత పేపర్లు కుక్కుతుంటె
మళ్ల తుమ్మొచ్చింది.