ఎడమ మర

కాశిబుగ్గ మలుపు కాడ, యాకయ్య తుక్కు దుకాణంల
ఫ్రిజ్జు తలుపుల కింద బోర్ల పడి ఉన్నది అది.
నయీంనగర్ డాక్టరమ్మ ఇంట్ల ఆర్నెల్లు నడిచిందట,
తర్వాత రెండేండ్లు దాని మీద చీరెలు ఆరేసిండ్రట.
పిడికి ఇంకా ఒక క్లిప్పు పట్టుకొని ఉన్నది,
నీలం రంగుది.

"కిలోకు ముప్పై. లోపల రాగి ఉన్నది, దాని లెక్క వేరు" అన్నడు.
రాగి సంగతి నాకు చెప్తడు,
పదిహేడేండ్లు పంపుసెట్లకు తీగ చుట్టినోనికి.
నీళ్ళందక మాడిన మోటరు, కరెంటు ఊగి మాడిన మోటరు,
దేని వాసన దానిదే, కండ్లు మూసుకొని చెప్త.
దీన్ని ముక్కు కాడ పెట్టి చూసిన. ఏ వాసనా లేదు.
కాలి చావలేదు ఇది.
ఎవరూ ఎక్కక ఆగిపోయింది.

మోటరు, బోర్డు, అంకెలు చూపే గాజు బిళ్ళ.
పదకొండు వందలకు తెగింది బేరం.
స్కూటీ ముందట పెట్టుకొని వస్తుంటే
పోచమ్మమైదాన్ కాడ పోలీసాయన ఆపి "ఏందది" అన్నడు.
"నడక" అన్న.
నవ్విండో లేదో చూడలె.

మొన మీది బరువు చక్రం విప్పబోతే కదల్లె.
గ్యాస్‌నూనె పోసిన, సుత్తెతోటి కొట్టిన, పానా వంగింది.
రాత్రి పదకొండు గొట్టంగ వనమాల వచ్చి
ఫోను లైటు పట్టుకొని నిలవడ్డది.
కొంచెం సేపు చూసి, "అటు దిప్పి చూసినవా?"
అటు దిప్పితే అలకగ వచ్చింది.
పదిహేడేండ్లు అన్న కదా ఇందాక, ఆ మాట కొట్టేయుండ్రి.

చేతితోటి తిప్పి చూపిచ్చిన ఆమెకు:
ఈ రెండు వైర్లు కలిపితే బిగుసుకుంటది,
విడదీస్తే వదులైతది.
"అలిగినట్టు" అన్నది. ఎవరిని అన్నదో.

దీనితోటి లేతు కట్టుకోవాలని నా కోరిక.
మంచం కోళ్ళు, బొంగరాలు, చపాతీ కర్రలు.
రేకుల షెడ్డు గోడ మీద సుద్దముక్కతోటి
గీసి పెట్టుకున్న బొమ్మ, నాలుగేండ్ల కిందటిది.
ఆ బొమ్మ కిందనే నూలు చిలపలు పెట్టుకొని కూసుంటది వనమాల.
కొత్తవాడల సగం జంపఖానలకు కండెలు చుట్టిన చెయ్యి,
ఇప్పుడు దువ్వెన కూడ ఎడమ చేతితోనే.
"ముందు నా రాట్నం" అన్నది.
అడగలె. చెప్పింది.

మొదటి రోజు మీట జరపంగనే
కండె ఎగిరి పోయి రేకుకు తగిలింది,
నూలు తెగి నా మెడకు చుట్టుకున్నది.
పక్కింటి కొమురెల్లి పెదనాయన గుంత మగ్గంల నుంచి
తల ఎత్తి "ఉరుకుమనకురా, నడువుమను" అన్నడు.
ఒకటో నంబరు మీద పెట్టిన.
మోకాళ్ళ నొప్పులోళ్ళ నడక అది.
నూలుకు అదే సరిపోయింది.

పెదనాయన యాభై ఏండ్ల సంది తొక్కుతనే ఉన్నడు,
కూసున్న కాడనే, ఒక్క అడుగు ముందుకు పడకుంట.
డాక్టరమ్మదీ అదే నడక కదా అనుకున్న.
కాని ఆయన ముందట రోజుకింత
ఎర్ర చారల గుడ్డ పెరుగుతది.

గాజు బిళ్ళను యాకయ్యకే ఇచ్చేస్తనంటే వద్దన్నది వనమాల.
అయస్కాంతం ముక్కను రాట్నం చక్రానికి అతికిస్తే
ఎర్ర అంకెలు లేచినయి.
పొద్దుగూకే యాళ్ళకు నాలుగు పాయింట్ రెండు.
"అంటే ఏడిదాక?"
"హన్మకొండ చౌరస్తా దాక, ఇంచుమించు."
"మరి చాయన్న తాగి రాకపోతిమి" అన్నది,
భుజం సర్దుకుంట.

కింద ఇంకో గడి. గుండె బొమ్మ, పక్కన సున్న.
పట్టుకుంటే లెక్కపెట్టే ఇనుప పిడి
ఆ నీలం క్లిప్పుతోటి అక్కడనే వదిలేసి వచ్చిన.
రేపు పోయి తేవాలె, కిలోకు ముప్పై చొప్పున.

నా లేతు బొమ్మ మీద
ఆమె కండెల లెక్క రాసుకుంటున్నది,
నా సుద్దముక్కతోనే.