ఊక ఇటుక

భీమవరంలో గునుపూడి వైపు మలుపులో
ఎర్రంశెట్టివారి ఉప్పుడు మిల్లు ఉండేది.
దాని పొగగొట్టం పడగొట్టిన రోజు
వీధి వీధంతా తలుపులేసుకుంది.
నేనొక్కదాన్నే బండి మీద దుప్పటి కప్పి నిలబడ్డాను.
మడతపెట్టిన పద్దెనిమిది చొక్కాలు మసిబారితే
జవాబు చెప్పుకోవాల్సింది నేనే కదండి.

ఇప్పుడక్కడ ఐదంతస్తులు.
పేరు హరిత ఏదో.
గేటు మీద ఇత్తడి అక్షరం ఒకటి అప్పుడే ఊడింది.
డాబా మీద నల్లటి పలకలు ఎండ తాగుతాయట,
స్నానాల నీళ్ళు మొక్కలకి పోతాయట,
గోడలు ఊక బూడిద ఇటుకలట,
రోహిణి కార్తెలో కూడా లోపల చల్లగా ఉంటుందట.
ఈ అటలన్నీ అమ్మకాల కుర్రాడు శశిధర్ చెప్పినవి.
అతని చొక్కాలు నా దగ్గరికే వస్తాయి,
కాలరు మీద చెమట చూసి చెప్పగలను
ఎన్ని ఫ్లాట్లు ఇంకా మిగిలాయో.

ఊక బూడిద అనగానే నవ్వొచ్చింది.
మా అత్త గంగరత్నం ఆ మిల్లు గచ్చు మీదే
ముప్పై ఏళ్ళు
ఆవిరి కక్కే వడ్లని కాళ్ళతో తిరగేసింది.
పొద్దుగూకాక కొంగున బూడిద మూటగట్టి తెచ్చేది,
అంట్లకి కొంత, పళ్ళకి కొంత.
మిగతాది ఆవిడ గుండెల్లో ఉండిపోయింది.
దగ్గి దగ్గి పోయింది.
ఆ బూడిదకే ఇప్పుడు
చదరపు అడుగు లెక్కన ధర.

ఇంకుడు గుంత సంగతి వినాలి మీరు.
హైదరాబాదు ఇంజనీరమ్మ ఎనిమిది అడుగులు తవ్వమంది.
నాలుగో అడుక్కే ఏసోబు పార ఆపేశాడు.
"అమ్మా, ఇది ఇంకే నేల కాదండి,
ఊరే నేల."
తెల్లారేసరికి గుంత నిండా నీళ్ళు.
వేలు ముంచి నాలిక్కి రాసుకుంటే ఉప్పు,
వెనకాలే యనమదుర్రు కంపు.
ఆవిడ గట్టు మీద చాలాసేపు కూర్చుంది,
చేతిలో పుస్తకం మూసేసి.
"మరి ఏం చెయ్యాలి?" అంది చివరికి.
అడిగింది చూడండి, అది నాకు నచ్చింది.
"పడకముందే పట్టుకోవాలండి" అన్నాడు ఏసోబు.
అందుకే వాన తొట్టె రెండో అంతస్తులో ఉంది.
రంగుల కాగితంలో దాని బొమ్మ వేశారు,
ఏసోబు పేరు వెయ్యలేదు.

ఇక నా బండి.
కొబ్బరిచిప్పల బొగ్గు, ఇత్తడి పెట్టె, అత్తదే.
పొగ రాకూడదని కమిటీలో రాసుకున్నారట.
సెక్రటరీ దంతులూరి రాజుగారు మంచివారే,
"ఎండ కరెంటు ఉత్తినే ఇస్తాం,
తీగ పెట్టె కొనుక్కో సత్తెవతీ" అన్నారు.
ఆయ్, అలాగేనండి అన్నాను.
బొగ్గు పెట్టెని మెట్ల కింద, చీపుళ్ళ వెనక పెట్టాను.

కార్తీకంలో ముసురు పట్టింది.
మూడు రోజులు సూర్యుడి జాడ లేదు,
ఊళ్ళో స్తంభాలు ఒరిగాయి,
బ్యాటరీలు కీచుమని చల్లారాయి.
నాలుగో నాడు పొద్దున్నే
తడి పంచె చేత్తో పట్టుకుని రాజుగారు దిగొచ్చారు.
కోర్టులో వాయిదా అట.
నా వైపు చూడలేదు,
చీపుళ్ళ వైపు చూశారు.

బొగ్గు రాజేశాను.
పొగ మెల్లగా స్తంభాల మధ్య తిరిగింది,
ఎవరూ కిటికీలు మూసుకోలేదు.
పెట్టె వేడెక్కేదాకా గోడకి ఆనుకున్నాను.
వానకి ఓ మూల రంగు పొర లేచింది,
లోపలి ఇటుక కనిపిస్తోంది,
బూడిదరంగుగా, గరుగ్గా.
ముక్కు దగ్గర పెట్టి చూశాను.
రాజుగారు ఏమిటని అడిగారు.
ఏం లేదన్నాను.

పంచెకి ఎనిమిది రూపాయలు,
ముసురు రోజు పన్నెండు అన్నాను.
ఇచ్చారు.