తాళాలు ఇచ్చేముందు

డబ్బు తర్వాత లెక్కపెడదాం, బ్రియోనీ.
ముందు టీ తాగు.
వద్దు, ఆగు, తాగకు. కప్పు బల్లమీద పెట్టి
టీ ఎటు వాలిందో చూడు.
ఎడమకి, కదూ?
దిగి, ఎడమ చక్రం కింద ఆ చెక్క పెట్టి
బండి దానిమీదికి ఎక్కించు. మళ్ళీ చూడు.
మట్టం చూసే పనిముట్లకి డబ్బు తగలెయ్యకు.
బండి వాలిందా, ఫ్రిజ్ అలుగుతుంది,
తెల్లవార్లూ నువ్వు మంచం మీంచి జారుతుంటావు.

పళ్ళేల మధ్య పాత సాక్సులు పెట్టు.
సీసాలకీ సాక్సులే.
మెర్విన్ మొదట్లో వెక్కిరించాడు,
గాజుకి చలేస్తుందా అని.
నల్లార్బర్ గతుకుల్లో ఒక్క పూట పోయాక
మాట్లాడకుండా పెంకులు ఏరాడు.

మూతున్న బకెట్లో నీళ్ళు, సబ్బుపొడి, మాసిన బట్టలు
వేసి స్నానాల గదిలో కట్టెయ్.
నువ్వు నడుపుతూ ఉండు, రోడ్డు ఉతుకుతుంది.
సాయంత్రం జాడించి ఆరేసుకోవడమే నీ పని.
నీళ్ళు పొదుపు చెయ్యమని నీకు చెప్పను,
ఒరూరూ పిల్లవి, కరువులో పెరిగావు.

అలమర మూలకి తొడిగిన ఆ నీలం స్పాంజి గొట్టం
పిల్లలు ఈతకొలనులో పట్టుకు తేలేది.
వికారంగా ఉందని పీకెయ్యకు.
ఇదిగో, నా కనుబొమ్మ మీద మచ్చ చూడు.

మరుగుతొట్టి సంగతి సిగ్గుపడకుండా విను.
పూర్తిగా నిండేదాకా ఆగకు.
చేతితొడుగులు రెండు జతలు వేసుకో.
గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని నిలబడు.
ఇది ఒక్కసారే నేర్చుకున్నాను,
రెండోసారి అవసరం పడలేదు.

మెట్టు కిందికి దించినప్పుడల్లా
స్టీరింగుకి ఎర్ర రిబ్బను కట్టు.
మెట్టు పైకి మడిచాకే విప్పు.
నేను మూడు మెట్లు కొన్నాను.

సగం ట్యాంకంటే ఖాళీ అనుకో.
పడమటి సరిహద్దులో ఆపిళ్ళు, ఉల్లిపాయలు, తేనె
అన్నీ తీసేసుకుంటారు. ముందురాత్రే వండుకు తినెయ్.
ఒకసారి మేమిద్దరం కిలోన్నర ఉల్లిపాయలు
ఒక్క కూర్చోటంలో తిన్నాం.
మర్నాడు కిటికీలన్నీ తెరిచి నడిపాడు.

పొద్దు వాలాక నడపకు.
కంగారూలకి అప్పుడే రోడ్డు గుర్తొస్తుంది.

అలమర తలుపు లోపల పెన్సిల్ అంకెలు
టైర్లలో గాలి లెక్కలు. చెరిపెయ్యకు.
గుండ్రటి ఆరులన్నీ మెర్విన్‌వి.
తర్వాత ఏడాది ఖాళీ.
నాకు గుర్తే రాలేదు, గాలనేది ఒకటుంటుందని.
యూక్లా దగ్గర టైరు పేలింది.
ఒక ట్రక్కు కుర్రాడు ఆగి చక్రం మార్చి,
ఏమీ అనకుండా, పెన్సిల్ నా చేతిలో పెట్టాడు.
అక్కణ్ణుంచి కింద ఉన్న గజిబిజి రాత నాది.

ఇంకోటి. ఎదురొచ్చే బండికి
స్టీరింగు మీంచి ఒక్క వేలెత్తు, చాలు.
చెయ్యంతా ఊపితే కొత్తదనుకుంటారు.
ఈమధ్య వాళ్ళు ఎత్తిన వేలు
నాకు కనపడేసరికి
బండి దాటిపోతోంది.
అద్దం తుడిచాను. కళ్ళజోడు మార్చాను.
ఆ తర్వాతే నీకు ఫోన్ చేశాను.

నిన్న సెడూనాలో కొత్త ఇంట్లోకి దిగాను.
రెండు గదులు, ఇటుక గోడలు,
తిప్పగానే ఎంత కావాలంటే అంత నీళ్ళు.
బల్లమీద కప్పు పెట్టి చూశాను.
టీ సమంగా ఉంది, గిన్నెలో గడ్డకట్టినట్టు.
కాసేపు ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాను.

చెక్కలు రెండున్నాయి.
ఒకటి తీసుకో.
నీ టీ చల్లారిపోయింది, పారబోసి ఇంకోటి ఇస్తాను.
ఇప్పుడు లెక్కపెట్టు.