ఏడో పోర్టు

నరసాపురం దాటాక కాలవ గట్టు మీద
రొయ్యల షెడ్డులో నాలుగు స్విచ్చులు.
ఒకదాని సంగతి ఇంకోదానికి తెలీదు.
వైర్లు లాగినవాడు పటం గీయకుండా
పాలకొల్లు వెళ్ళిపోయి
ఫోనెత్తడం మానేశాడు.

అందుకని ముందు వాటికి పలకరింపు నేర్పాను.
ముప్పై సెకన్లకోసారి
"నేను ఐసు గది స్విచ్చుని,
మూడో పోర్టులోంచి మాట్లాడుతున్నాను"
అని పక్కదానికి చెప్పాలి.
పక్కదానికే. ఆ మాట అవతలికి మోయకూడదు.
నాలుగు విడతలు వినపడకపోతే
ఆ పేరు తుడిచెయ్యాలి.
మాధవాయిపాలెం రేవులో పంటు సరంగు కంటే నయం,
అతను అయిదు రూపాయల బాకీని
పదేళ్ళు గుర్తుంచుకుంటాడు.

ఉప్పుగాలికి పచ్చబడ్డ రాగి కొనలు గీకి,
చేతుల నిండా నీచు వాసనతో
ఒక్కో పేరూ తెర మీదకి లేచి రావడం చూశాను.
ఐసు గది. జనరేటరు. గేటు కెమెరా.
ఏడో పోర్టులో తూకం కాటా.

తరవాత కబుర్లు.
ఏ వైరు ఊడినా, ఏ కొత్త మొహం తగులుకున్నా
నా ఫోనుకి ఒక్క ముక్క రావాలని రాశాను.

ఆ సాయంత్రమే వచ్చింది.
ఏడో పోర్టు పడిపోయింది, ఐదూ పదికి.
ఏడో పోర్టు లేచింది, ఐదూ నలభైకి.
ఎలకేమో అనుకున్నాను.
మర్నాడూ ఐదూ పదే.
ఎలక్కి గడియారం ఎవరు కొనిచ్చారు?

నాలుగో రోజు వెళ్ళి నిలబడ్డాను.
తొక్క తీసే ఆడవాళ్ళు
వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుని
బకెట్లతో వరసలో ఉన్నారు.
కాటా వెనక వైరు నేల మీద పడి ఉంది.
సూపర్‌వైజరు పెన్సిలుతో రాస్తున్నాడు:
పల్లాలమ్మ, పదకొండు కిలోలు.

"పదమూడుంటాది. నా నడుముకి తెలుసు"
అంది పల్లాలమ్మ, ఎవరితోనూ కాకుండా.

మేనేజరు గారు కొబ్బరినీళ్ళు తెప్పించారు.
"పని బాగుందండి. ఆ ఏడో దానికి మాత్రం
కబుర్లు ఆపేద్దురూ, ఊరికే విసుగు."
నిజానికి ఒక్క లైను పని.
ముందు 'నో' అని చేరిస్తే చాలు.
"ఆయ్" అన్నాను.
మా వైపు ఆయ్ అంటే
విన్నాను అని కూడా.

నా బిల్లు ఇంకా రాలేదు.
కబుర్లు మాత్రం వస్తున్నాయి,
కింద ఇంకో నంబరు కలిపాను.
పల్లాలమ్మ బొడ్డులో దోపుకున్న బటన్ల ఫోను
ఐదూ పదికి గుర్రుమంటుంది.
ఆవిడకి చదువు రాదు. అక్కర్లేదు కూడా.
అది మోగగానే వరసంతా
బకెట్లు కింద పెట్టి
కాటా వెనక్కి చూస్తోందిట.