రీలు తెగిన జాగ

పాలమూరు జైల్ల
పొద్దు గూకకముందే తాళం పడుతది.
బయట ఆకాశంల ఇంకింత ఎలుగు మిగిలే ఉంటది,
లోపల మాకు ఆట మొదలైతది.

జహంగీరు లేచి కంబడి భుజాన ఏసుకుంటడు.
ముప్పై ఏండ్ల కింద మక్తల్ల
డేరా టాకీసుల రీలు తిప్పినోడు.
డేరా చినిగిపోయింది, మిషిను తుక్కుల అమ్ముడువోయింది.
చెయ్యి మాత్రం ఇంకా గాలిల
గుండ్రంగ తిరుగుతనే ఉంటది.

"దగ్గేటోళ్లు ఇప్పుడే దగ్గుండ్రి" అంటడు.
"పేర్లు పడుతున్నయి" అంటడు.
మా పేర్లే పడుతయి, నంబర్లు లేకుండ:
ధన్వాడ కుర్మన్న, కోస్గి బుగ్గప్ప,
ఆఖర్ల, జర ఆగి, నా పేరు.

పాటల సినిమా అది. ఏ ఊర్లె ఆడలే.
కృష్ణ ఒడ్డున రత్నమాల అని ఒక పిల్ల
పట్టుచీర గట్టి పడవ నడుపుతది.
పట్టుచీరల పడవేందని అడగొద్దు.
జహంగీరుకు గొంతు లేదు, బీడీలు తిన్నయి.
పాట పాడడు, పాట చూపెడతడు:
"ఇరవై మంది ఆడోళ్లు, ఇరవై ఇత్తడి బిందెలు,
ఎండ బిందెల మీద పడి
తెరంత పసుపు, చూడుండ్రి!"
సత్తు పళ్లెం మీద బొటనేలు దరువేస్తది.
మాకు ఇనబడుతది, నిజంగనే.

నడుమల కుర్మన్న లేస్తడు, దినాం గదే సవాలు:
"ఏం తిన్నదిరా ఆ పిల్ల?"
జహంగీరు రీలు ఆపుతడు. నవ్వడు.
"జొన్నరొట్టె. పుంటికూర."
"పక్కల ఉల్లిగడ్డ?"
"ఉంది."
"ఇగ నడువనీ."

బూట్ల సప్పుడైతే "రీలు తెగింది" అంటడు.
అందరం నిద్రవోయినట్టు పంటం.
వార్డరు టార్చి మా మొకాల మీద పారుతది.
గప్పుడు మేమే తెర.

ఒక రాత్రి బుగ్గప్ప ఫైటింగు గావాలన్నడు.
సరేనన్నడు జహంగీరు. హీరో వంగిండు,
చేతిలకు గడ్డపార తీసుకున్నడు.
నేను లేచి మూలకు పోయి నిలవడ్డ.
బొంబాయి బస్సు కాడ మేస్త్రీ
అడ్వాన్సు కాయితం చేతిలనే పట్టుకొని పడిపోయిన పొద్దు
నా ముంగట ఎర్రగ తిరిగింది.
జహంగీరు చూసిండు. ఏం అడగలే.
"గడ్డపార గాదు, కంట్లె దుమ్ము వడ్డది నాకు" అన్నడు,
"గది పడవ గడ. హీరో గడ ఏస్తున్నడు."
పడవ కదిలింది.
నేనొచ్చి మల్ల కూసున్న.

మంగళారం బెయిలు కాయితం వచ్చింది.
రత్నమాల నీళ్ల నడుమ ఉంది,
గడ చేతుల నుంచి జారి కొట్టుకపోయింది,
గాడ ఇడిచిపెట్టి పోయిండు.
గేటు కాడ ఎనక్కి తిరిగి
గాలిల చెయ్యి ఒక్క చుట్టు తిప్పిండు, అంతే.

మూడు రాత్రులు ఆట లేదు.
గోడ గోడ లెక్కనే ఉండె.
నాలుగో రాత్రి చీకట్ల నుంచి కుర్మన్న:
"ఏం తిన్నదిరా ఆ పిల్ల?"

ఎవ్వలు పలుకలే.
రెండేండ్లల్ల కోర్టుల హాజరు అనుడు తప్ప
నా నోటెంట మాట లేదు.
అసొంటిది నేనే అన్న:
"ఏం తినలే. మూడు దినాలాయె, నీళ్ల మీదనే ఉంది."
"అయ్యో."
"గాలికి పడవ ఒడ్డుకొస్తున్నది. ఒడ్డున పెడుతరు."
"ఎవలు?"

ఎవలని ఎతికిన. నాకెవలు దొరుకుతరు?
వాయిదా వాయిదాకు కోర్టుల మూడో బల్ల మీద
సంచి ఒళ్లె పెట్టుకొని కూసుండే
మేస్త్రీ తల్లి గుర్తొచ్చింది.
నా దిక్కు ఒక్కనాడు చూడలే, నేను చూసిన.
ఆమెను తీస్కవోయి ఒడ్డున నిలబెట్టిన.

"ఒక ముసలామె" అన్న. "సంచి ఇప్పింది.
ఎవల బిడ్డవని అడగకుంటనే
రొట్టె తీసి చేతిల పెట్టింది."

చాన సేపు సప్పుడు లేదు.

"పక్కల ఉల్లిగడ్డ?"

"ఉంది.
ఆమెనే పిడికిలితోని గుద్ది ఇచ్చింది."